మచ్చలేని పూలు అడిగింది మనమే

దసరాకు ముందు వారం సోలాపూర్ దాజీ పేట్‌లో పూల బేరం ఆడని ఇల్లుండదు. బతుకమ్మకు బంతి, చామంతి కావాలి. మగ్గాలకు, మర మగ్గాల కార్ఖానాలకు తోరణాలు కావాలి. వెంకటేశ్వర స్వామికి నిలువెత్తు దండలు కావాలి. ఆ వెంటనే పెళ్లిళ్లు మొదలవుతాయి, మంగళ కార్యాలయాల్లో వేదికల నిండా గులాబీలు, జర్బెరాలు, కార్నేషన్లు కావాలి. ఏ పువ్వు కొన్నా మనందరం ఒకే పని చేస్తాం. చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాం. రెక్క అంచున గోధుమరంగు గీత కనబడితే పక్కన పడేస్తాం, లేదంటే సగం ధరకు అడుగుతాం. అలా పక్కన పడ్డ పువ్వే తక్కువ విషం తాగిన పువ్వేమో అన్న ఆలోచన ఇన్నేళ్లలో మనకు ఒక్కసారి కూడా రాలేదు.

పూలతోటల్లో కొట్టే పురుగుమందుల గురించి మాట్లాడితే నెపం వెతుక్కోవడం చాలా తేలిక. రైతుకు అత్యాశ అంటాం, మందుల దుకాణంవాడికి కమీషన్ అంటాం, కంపెనీలకు లాభం, ప్రభుత్వానికి నిద్ర అంటాం. వీటిలో ప్రతిదానిలోనూ కొంత నిజముంది. కానీ ఈ వ్యాసంలో లెక్క తేలాల్సింది మనది. నేత మీద, బీడీల మీద బతికి, సోలాపూర్‌ను సొంతూరు చేసుకున్న తెలుగువాళ్లది. ఆ మచ్చలేని పువ్వును అడిగింది మనమే. అడిగేముందు ఏమీ తెలుసుకోనిదీ మనమే.

ముందు ఆ గీత ఎలా పడుతుందో చూడాలి. బాగా విరిసిన చామంతిని ఒక తెల్ల కాగితం మీద పట్టుకుని రెండుసార్లు తట్టండి. తెగిపడిన నూలు పోగు కొసంత సన్నటి ప్రాణులు రాలి పడతాయి, ఒక్క క్షణం ఆగి కదులుతాయి. కొన్ని లేత పసుపు, కొన్ని గోధుమ రంగు. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదు. అవే తామర పురుగులు. రెక్క మీది పొరను గీకి, ఊరిన రసాన్ని పీల్చుకుంటాయి. ఎర్ర గులాబీ మీద ఆ చోటు తెల్లబారి చారలవుతుంది, తెల్ల చామంతి మీద తుప్పు రంగుకు తిరుగుతుంది. గుడ్లను మాత్రం కంటికి కనబడకుండా లేత రెక్కల్లోనే పొదుగుతాయి. పిల్లలు ముడుచుకున్న మొగ్గలో పెరుగుతాయి. పెరిగాక చాలా జాతులు నేలలోకి దిగి కొన్నాళ్లు మట్టిలో ఉండి, రెక్కలతో మళ్లీ పైకి వస్తాయి.

రైతు వీపున డబ్బా కట్టుకుని మందు కొట్టినప్పుడు చచ్చేవి ఆ పూట బయట తిరుగుతున్నవే. రెక్కలోని గుడ్డుకు, మొగ్గలోని పిల్లకు, మట్టిలో దాగిన దానికి ఆ మందు చాలావరకు తగలదు. వారం తిరిగేసరికి తోట మళ్లీ మొదటికి వస్తుంది. రైతు దుకాణానికి పోతాడు, దుకాణంవాడు ఇంకో సీసా ఇస్తాడు. డైమిథోయేట్‌తో ఆగకపోతే ఫిప్రోనిల్, దానితోనూ ఆగకపోతే రెండూ కలిపి, పైన ఇమిడాక్లోప్రిడ్ చేర్చి కొడతారు. కలిపి కొట్టమని ఏ సీసా మీదా రాసి ఉండదు. ఆ సీసాల్లో చాలావాటి లేబుళ్ల మీద పూల పేరే కనబడదు. మన దేశంలో పురుగుమందు అనుమతి పంటవారీగా ఇస్తారు. వరికి, పత్తికి, మిరపకు అనుమతులు బోలెడు ఉన్నాయి. పూల దగ్గరికి వచ్చేసరికి అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పత్తి కోసం వచ్చిన సీసాయే చామంతి తోటలోకి వెళుతుంది.

నల్లి సంగతి ఇంకా కష్టం. గులాబీ ఆకు వెనక సన్నటి గూడు అల్లి, ఆకునంతా దుమ్ము పట్టినట్టు పాలిపోయేలా చేసే ఈ ఎర్రనల్లికి ఎనిమిది కాళ్లు. సాలీడు వంశం, పురుగు కానే కాదు. పురుగుల మందు దీన్ని సరిగ్గా చంపదు, దీన్ని తిని బతికే మేలుచేసే జీవులను మాత్రం తుడిచిపెడుతుంది. అందుకే సింథటిక్ పైరెత్రాయిడ్లు కొట్టిన తోటలో కొద్దిరోజులకే నల్లి ఎగబడుతుంది. రెండు మచ్చల నల్లి ప్రపంచంలో ఇప్పటికే తొంభైకి పైగా రసాయనాలకు ఎక్కడో ఒకచోట లొంగకుండా తయారైంది. మందు ఎంత ఎక్కువ కొడితే నల్లి అంత త్వరగా నేర్చుకుంటుంది.

మన బంధువులుండే ఊళ్లలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2021 వానాకాలం పంటలో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన జాతి అది. ఎక్కువగా పూతలోనే చేరుతుంది. ఎకరాలకు ఎకరాలు పూత రాలి, తోటలు దున్నేసిన వాళ్లున్నారు. రైతులు భయపడి దొరికిన మందల్లా కొట్టారు, లొంగలేదు. విచ్చలవిడిగా కొట్టొద్దని, వేప మందులు, జీవ శిలీంధ్రాలు వాడమని శాస్త్రవేత్తలు చెప్పాల్సి వచ్చింది. మిరపకు అయ్యింది కాబట్టి అది పేపర్లలో పడింది. పూలతోటలో అదే జరిగితే అడిగేవాడు లేడు, ఎందుకంటే పూలు కొనే మనం అడగం.

తినే పంటకు ఉండే రక్షణ పువ్వుకు లేదు. టమాట మీద ఏ మందు ఎంత మిగలవచ్చో ఆహార భద్రత సంస్థ పరిమితి పెట్టింది. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో లేబుల్ మీద ఉంటుంది. పువ్వు ఆహారం కాదు కాబట్టి దానికి అవశేష పరిమితి లేదు, మన దగ్గరే కాదు, యూరప్‌లోనూ లేదు. ఆగే రోజుల మాటా లేదు. ఉన్నా పాటించడం కష్టమే, గులాబీని రోజూ కోయాలి, బంతిని రెండు మూడు రోజులకోసారి కోయాలి. సాయంత్రం మందు కొట్టిన చాలులోకే తెల్లవారుజామున కూలి ఆడవాళ్లు బుట్టలతో దిగుతారు. దసరా దగ్గరపడితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఏడాది పెట్టుబడి ఆ నాలుగు రోజుల ధర మీదే ఆధారపడి ఉంటుంది. ఆ నాలుగు రోజులకు మొగ్గ మీద మచ్చ పడకూడదు. అంటే మన ఇంటికి చేరే ముందు వారాల్లోనే తోట మీద మందు ఎక్కువ పడుతుంది. మనం పండుగ కోసం ఎదురుచూసే రోజులూ, రైతు డబ్బా దించని రోజులూ ఒకటే.

బెల్జియంలో లియేజ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పూల దుకాణాల నుంచి 90 పూలగుత్తులు తీసుకుని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. గులాబీలు, జర్బెరాలు, చామంతులు. వాటిలో మొత్తం 107 రకాల పురుగు, తెగులు మందుల అవశేషాలు దొరికాయి. సగటున ఒక్కో గుత్తిలో పది. తర్వాత పూల దుకాణాల్లో పనిచేసేవాళ్ల చేతి తొడుగులను, మూత్రాన్ని పరీక్షిస్తే అక్కడా అవే బయటపడ్డాయి. అంటే మందు తోట దగ్గర ఆగలేదు, పువ్వును పట్టుకున్న ప్రతి చేతికీ ఎక్కింది. ఫ్రాన్స్‌లో గర్భిణిగా పూల వ్యాపారంలో పనిచేసిన ఒక తల్లి కూతురు రక్త క్యాన్సర్‌తో చనిపోతే, ఆ బిడ్డ జబ్బుకూ తల్లి పనిలో తగిలిన పురుగుమందులకూ సంబంధం ఉందని అక్కడి పరిహార నిధి ఒప్పుకుంది. ఆ సంగతి 2024లో లోకానికి తెలిసింది. కొలంబియాలో బొగోటా చుట్టూ పూలతోటల్లో పనిచేసే వేలమందిని పరిశీలించి, గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు పెరిగాయని 1990లోనే శాస్త్రవేత్తలు రాశారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ సమాచారం లోకంలో ఉంది.

మన పేటలో ఆ చేతులు ఎవరివో మనకు తెలియదా? పొద్దంతా గడప దగ్గర కూర్చుని వెయ్యి బీడీల లెక్క పూర్తిచేసిన ఆడవాళ్లవే. పండుగ రోజుల్లో ఒడిలో తునికాకు చాటకు బదులు తడి గోనెసంచీ వచ్చి చేరుతుంది. పూలు వాడకుండా మాటిమాటికీ నీళ్లు చల్లుతారు. రెక్క మీద ఎండిన మందు ఆ నీళ్లలో కరిగి వేళ్లకు అంటుతుంది. దండ ముడి వేశాక దారాన్ని పంటితో తెంపుతారు. ఒక చేత్తో పూలు పేరుస్తూ రెండో చేతిలోకి చాలక నాలుగు పూలు పెదవుల మధ్య పట్టుకుంటారు. పక్కన కూర్చున్న పిల్లలు రాలిన రెక్కలు ఏరుకుని ఆడుకుంటారు. ఈ దృశ్యం చూడని తెలుగిల్లు ఈ పేటలో లేదు. చూసి, ఎంత అందంగా కడుతున్నావమ్మా అన్నాం. చేతులు కడుక్కుని తిను అన్నవాళ్లం కూడా కాదు మనం.

మనకు తెలియక జరిగిందని తప్పించుకునే దారి కూడా లేదు. ఈ ఊళ్లో విషం గురించి మనకన్నా తెలిసినవాళ్లు లేరు.

మొదటిది పొగాకు. నికోటిన్ అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోలేదు మనం. బీడీలు చుట్టే తల్లి దగ్గు, తంబాకు దుమ్ముకు తిరిగే తల, వికారం ఇంటింటా చూశాం. ఆ నికోటినే ఒకప్పుడు పేనుబంకకు మందు. పొగాకు కషాయం కాచి తోటల్లో చల్లేవారు. నికోటిన్ సల్ఫేట్ మనుషులకు ఎంత ప్రమాదమంటే, 1992లో మన ప్రభుత్వం దేశంలో దాని వాడకాన్ని నిషేధించి, ఎగుమతికి తయారు చేసుకోవడానికి మాత్రమే వదిలింది. ఈనాడు పూలతోటలో మామూలైపోయిన ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ అదే బాటలో వచ్చాయి. పురుగు నరాల్లో నికోటిన్ ఎక్కడ పట్టుకుంటుందో అవీ అక్కడే పట్టుకుంటాయి. పురుగుకు తగిలినంత గట్టిగా మనిషికి తగలవన్నది నిజమే, అందుకే అవి వచ్చాయి. తేనెటీగకు మాత్రం ఇమిడాక్లోప్రిడ్ గట్టిగానే తగులుతుంది. 2018లో యూరప్ దేశాలు ఇమిడాక్లోప్రిడ్‌ను ఆరుబయలు పొలాల్లో వాడొద్దన్నది తేనెటీగల కోసమే. పొగాకుతో ఇంత చనువున్న మనం ఈ మాటలు ఇంట్లో ఎన్నడూ అనుకోలేదు.

రెండోది రంగులు. ఇది తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎజో రంగుల్లో కొన్ని ఒంటికి తగిలి క్యాన్సర్ కలిగించే పదార్థాలుగా విడిపోతాయని 1994లో జర్మనీ చట్టం చేసింది. అలాంటి రంగు వేసిన బట్ట మా దేశంలోకి రాకూడదంది. ఆ దశాబ్దంలోనే మన ప్రభుత్వం కూడా నూటికి పైగా రంగులను నిషేధించింది. సోలాపూర్ చద్దర్, టవల్ ఈ ఊరి పేరు మోసే సరుకు, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఎగుమతి చేసేవాళ్లు ప్రయోగశాల పరీక్షలు, సర్టిఫికెట్లు నేర్చుకున్నారు. రంగు మార్చారు, ఖర్చు భరించారు. ఎందుకు? కొనేవాడు అడిగాడు. ఎక్కడో హాంబర్గ్‌లో మనకు ముఖం తెలియని మనిషి ఒళ్లు తుడుచుకునే టవల్‌లో ఏముందో పరీక్ష చేయించిన చేతులతోనే, మన ఆడపిల్ల జడలో పెట్టే చామంతిలో ఏముందో అడగకుండా ముడిచాం.

పువ్వేమైనా తింటామా అన్నది మన దగ్గర తయారుగా ఉండే జవాబు. తింటున్నాం. తీర్థంలో తులసితో పాటు పూరెక్కలు పడతాయి. పంచామృతంలో పడతాయి. దండ వేసిన విగ్రహం మీది నీళ్లు కళ్లకద్దుకుని నోట్లో పోసుకుంటాం. గుడి వెనక కుప్పపోసిన నిర్మాల్యాన్ని ఆవులు తింటాయి, మేకలు తింటాయి. ఆ పాలు ఎవరు తాగుతున్నారో మళ్లీ ఎవరూ అడగరు. బతుకమ్మను చెరువులో వదిలాక ఆ బంతి పూల మందు నీళ్లలో కలుస్తుంది. నీటి పురుగులకు ఇమిడాక్లోప్రిడ్ అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. చెరువు చల్లగా ఉండాలని పాడిన ఆడబిడ్డల చేతులతోనే ఆ పని చేయించాం.

ఇతర జిల్లాల కబుర్లు కూడా మన చెవిన పడకపోలేదు. 2017లో మన మహారాష్ట్రలోనే, యవత్మాళ్‌లో, పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చొల్లు కారడం, చెమటలు, చూపు మసకబారడం, కొందరికి చూపు పూర్తిగా పోవడం. ఆర్గానోఫాస్ఫేట్ మందు శరీరంలోకి వెళితే అట్రోపిన్ ఇచ్చి ప్రాణం నిలపవచ్చు, డయాఫెన్‌థియురాన్ వంటి వాటికి విరుగుడే లేదు. పేపర్లో ఫొటోలు చూసి అయ్యో అన్నాం. అక్కడి మందుల్లో ఒకటైన మోనోక్రోటోఫాస్ సీసాయే పూలతోటలోకీ వెళుతుందని ఎవరూ అనలేదు. కూరగాయల మీద దాన్ని 2005లోనే నిషేధించారు, కానీ ఎక్కువగా అమ్ముడయ్యే 36 శాతం ద్రావణాన్ని ఆపే ఉత్తర్వు రావడానికి 2023 పట్టింది. ఆ పద్దెనిమిదేళ్లలో పువ్వు గురించి మాట్లాడాల్సింది పువ్వు కొనేవాళ్లే. అంతకుముందు 2018లో పన్నెండు మందులను వెంటనే, డైక్లోర్వాస్, ఫోరేట్, ట్రయాజోఫాస్ వంటి మరో ఆరింటిని 2020 చివరి నుంచి ఆపారు. ఈ జాబితాల కోసం ఎవరెవరో పోరాడారు. సోలాపూర్ తెలుగు సంఘాల తరఫున ఒక్క ఉత్తరం వెళ్లినట్టు నేనెరుగను.

ఇంకా వెనక్కి పోతే 1997-98. మన తాతలు మూటాముల్లె సర్దుకుని బయలుదేరిన ఓరుగల్లు పల్లెల్లోనే పత్తి రైతులు వందల సంఖ్యలో ప్రాణాలు తీసుకున్నారు. పురుగుకు ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, అప్పు తీరలేదు, చివరికి ఆ మందే తాగారు. ఆ చావులకు ఊళ్లకు పోయి వచ్చినవాళ్లు ఈ పేటలో ఉన్నారు. పురుగుమందు మీద ఆధారపడ్డ పంట రైతును ఎక్కడికి తెస్తుందో ఆనాడే కళ్లారా చూసి కూడా, మళ్లీ పూల బేరం దగ్గర రైతును అక్కడికే నెట్టాం.

మనకు కూడగట్టుకునే బలం లేదా అంటే, ఉంది. అదే ఎక్కువ బాధ. కనీస వేతనం కోసం, గిట్టుబాటు కోసం, ప్రావిడెంట్ ఫండ్ కోసం బీడీ కార్మికులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో ఈ ఊరికి తెలుసు. కార్మిక నేత ఆడం మాస్టర్ నాయకత్వంలో కొట్లాడి కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరున పది వేల ఇళ్లు సాధించుకుని 2006లో తాళాలు అందుకున్నారు. 2024 జనవరిలో రేనగర్‌లో మరో పదిహేను వేల ఇళ్లు వచ్చాయి. తలమీద కప్పు లేని ఆడవాళ్లు ప్రభుత్వాలను కదిలించి కట్టించుకున్న ఇళ్లవి. అంత చేయగలిగిన జనం, అదే ఆడవాళ్లు పంటితో తెంపే దారం గురించి ఒక్క సభ పెట్టలేదు. సభ పెట్టడానికి ఖర్చు ఏమయ్యేది? కుల సంఘం ఉంది, యువజన మండళ్లు ఉన్నాయి, ప్రతి గల్లీకి గణపతి మండపం ఉంది. నారళీ పూర్ణిమకు మార్కండేయ స్వామి రథాన్ని ఊరంతా తిప్పే క్రమశిక్షణ మనకుంది. రథానికి పూలు ఎవరు ఇవ్వాలన్న గౌరవం కోసం పోటీపడ్డాం, ఆ పూలు ఎలా పెరిగాయని మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగితే తోట మారుతుందనడానికి సాక్ష్యాలున్నాయి. కెన్యాలో నైవాషా సరస్సు ఒడ్డున యూరప్ కోసం గులాబీలు పెంచే పెద్ద తోటలు నల్లికి మందులు కొట్టి కొట్టి విసిగాయి. ఒకవైపు మందు పనిచేయడం మానేసింది, ఇంకోవైపు కొనే దేశాలు ఏం కొడుతున్నారని అడగడం మొదలుపెట్టాయి. అక్కడ చాలా తోటలు నల్లిని తినే నల్లిని, ఫైటోసీలస్ పర్సిమిలిస్ అనే జాతిని, పెంచి ఆకుల మీద వదలడం నేర్చుకున్నాయి. మందు డబ్బా పూర్తిగా మూలకు పోలేదు కానీ చాలా తగ్గింది. మన తెలంగాణలో పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు 2003లోనే పురుగుమందు లేని ఊరినని ప్రకటించుకుంది. జనగామ వైపు ఏనబావి ఆ తర్వాత సేంద్రియ గ్రామమైంది. పునుకులలో మార్పు తెచ్చినవాళ్లలో ఆడవాళ్ల సంఘాలే ముందున్నాయి. పత్తిలో, మిరపలో చేయగలిగింది పూలలో చేయలేమా?

ఎలా చేయాలో చెప్పే సంస్థ కూడా దూరంలో లేదు. దేశానికంతా ఒకటైన పూల పరిశోధన సంచాలకాలయం పుణెలోనే ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం గోదావరి ఒడ్డున కడియం పక్కన వేమగిరిలో ఉంది. తామర పురుగుకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు, పేనుబంకకు పసుపు అట్టలు కట్టాలి. పాలీహౌస్ కిటికీలకు పురుగు దూరని సన్న వల బిగించాలి. రాలిన, ఎండిన పూలను చెట్టు కింద వదలక ఏరి పాతిపెట్టాలి. వేపనూనె కొట్టాలి, బవేరియా, లెకానిసిలియం వంటి జీవ శిలీంధ్రాలు వాడాలి. వీటన్నిటి తర్వాత కూడా పురుగు మించితే అప్పుడు ఒక్క రసాయనం, చెప్పిన మోతాదులో, ఇంకోదాన్ని కలపకుండా, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ వేసుకుని కొట్టాలి. పాలీహౌస్ గులాబీని అసలు మందే లేకుండా పెంచమనడం రైతుకు అన్యాయం. నేను అలా అడగను. సగానికి పైగా పిచికారీలు పురుగు కోసం కంటే మన కళ్ల కోసం జరుగుతున్నాయని నా నమ్మకం. ఆ సగాన్ని ఆపగలిగేది మనమే.

ఇదంతా రైతుకు తెలియదని కాదు. తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. జిగురు అట్టలు కట్టి, వేపనూనె కొట్టి పెంచిన బంతిని బజారుకు తెస్తే దాని మీద రెండు గీతలు ఉంటాయి. మనం దాన్ని పక్కకు తోస్తాం. పక్క గంపలో వారానికి మూడుసార్లు మందు తాగిన బంతి మెరుస్తూ ఉంటుంది, దానికి అడిగిన ధర ఇస్తాం. మరుసటి ఏడు ఆ మొదటి రైతు కూడా డబ్బా కట్టుకుంటాడు. మందు తగ్గించిన మనిషికి శిక్ష వేసింది, పెంచిన మనిషికి బహుమతి ఇచ్చింది మన బేరమే. ఇది రెండు మూడేళ్ల అలవాటు కాదు, ఒక తరం అలవాటు.

అంతకుముందు తరం మన పెద్దమ్మలు బతుకమ్మను ఏ పూలతో పేర్చేవాళ్లు? తంగేడు, గునుగు. తంగేడు ఈ సోలాపూర్ చుట్టూ రాళ్ల నేలల్లో, దారి పక్క గట్ల మీద ఇప్పటికీ పచ్చగా పూస్తుంది. దానికి ఎవరూ నీళ్లు పోయరు, మందు కొట్టరు. గునుగు చేను గట్టున తనంతట తానే మొలుస్తుంది. వాటిని వదిలి బంతి వైపు, చామంతి వైపు మళ్లాం, ఎందుకంటే తంగేడు సాయంత్రానికి వడలుతుంది, ఫొటోలో అంత నిండుగా రాదు. ఉన్న గునుగును కూడా రంగు నీళ్లలో ముంచి పెడుతున్నాం. విషం లేని పువ్వు ఊరి పొలిమేరలో ఊరికే దొరుకుతుంటే, డబ్బిచ్చి విషమున్న పువ్వు తెచ్చుకున్నాం.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. దాజీ పేట్‌లోని సంఘాల పెద్దలకు, గుడి సేవకులకు, యువజన మండళ్లకు: ఈ ఏడాది రథానికి, గణపతికి, బతుకమ్మకు పూలు కొనే ముందు ఒక తీర్మానం రాయండి. ఏ రైతు దగ్గర కొంటున్నారో అతన్ని పిలిచి, కోతకు ముందు పది రోజులు మందు కొట్టవద్దని, గీతలు పడ్డ పూలను కూడా మంచి పూల ధరకే తీసుకుంటామని మాట ఇవ్వండి. ఆ మాట కాగితం మీద పెట్టి ముందుగానే కొంత సొమ్ము చెల్లించండి. ఆ పూలను ఒకసారి పరీక్షకు పంపి, వచ్చిన ఫలితాన్ని గుడి గోడ మీద అందరికీ కనబడేలా అంటించండి. అక్కలారా, వదినలారా, దండలు కట్టే రోజుల్లో దారానికి కత్తెర వాడండి, పూలు నోట్లో పెట్టుకోవద్దు, పిల్లలను ఆ గోనెసంచీ దగ్గర కూర్చోబెట్టవద్దు, లేచాక సబ్బుతో చేతులు కడుక్కుని కానీ అన్నం ముట్టవద్దు. తంగేడు ఎక్కడ పూస్తోందో పిల్లలకు చూపించి, వాళ్లనే కోసుకురమ్మనండి.

బజారులో గంప ముందు నిలబడ్డప్పుడు ధరతో పాటు ఇంకొక్క ప్రశ్న అడగండి: చివరిసారి ఏ మందు కొట్టావు తమ్మీ, ఎన్ని రోజులైంది? నిజం చెప్పిన రైతు దగ్గరే కొనండి, గీత పడ్డ పువ్వైనా సరే, బేరం ఆడకండి.